ఇంజిన్ మార్చి నంబరు కొట్టడాన్ని రీస్టోరేషన్ అనకండి

పొద్దున్నే లేచి డాలస్ నుంచి నాలుగు గంటలు నడుపుకుంటూ వెళ్లి ఒక కారు చూసొచ్చాను. ఇంటికొచ్చి స్నానం చేసినా ఒళ్లు మంట తగ్గలేదు.

షెవర్లే వాళ్ల స్పోర్ట్స్ కారు, 1963 కార్వెట్ స్టింగ్ రే కూపే. వెనక అద్దాన్ని రెండుగా చీలుస్తూ నడుమ పట్టీ ఉంటుందే, అదే. వెనక వచ్చేది కనపడదు, వద్దని ఇంజినీరు డంటోవ్ మొత్తుకున్నాడు. ఉండాల్సిందేనని డిజైన్ చూసే బిల్ మిచెల్ పట్టుబట్టాడు. మరుసటి ఏడాదికే తీసేశారు. అందుకే ఆ 10,594 కూపేలకి ఇంత గిరాకీ. అమ్మే ఆయన ప్రకటనలో ఏం రాశాడంటే, పూర్తిగా రీస్టోర్ చేసింది, నంబర్స్ మ్యాచింగ్ (అంటే కారు నంబరుతో కలిసే, ఫ్యాక్టరీలో బిగించిన ఇంజినే ఉందని), 360 హార్స్‌పవర్ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్.

పెయింట్ అద్దంలా ఉంది, కాదనను. బానెట్ ఎత్తించి కుడివైపు సిలిండర్ హెడ్ ముందున్న చదును జాగా మీద ఫోన్ లైటు వేశాను. కారు సీరియల్ నంబరు, ఇంజిన్ కోడ్ కొట్టేది అక్కడే. ఫ్యాక్టరీలో కోసిన లోహం మీద ముందు నుంచి వెనక్కి సన్నటి తిన్నని గీతలు ఉండాలి. ఇక్కడ ఒక్కటీ లేదు. గ్రైండర్ తిప్పిన గుండ్రటి గీతలు, వాటి మీద నిన్న కొట్టినట్టున్న అంకెలు! అంటే అక్కడున్న నంబరు అరగదీసి కొత్తది కొట్టారు. అడిగితే, "అవన్నీ ఎవరు చూస్తారండీ, కారు బాగుంది కదా" అన్నాడు.

ఆ అద్దం పట్టీ కూడా తర్వాత అతికించిందే. లోపల చేత్తో తడిమితే ఫైబర్‌గ్లాస్ గరుగ్గా తగిలింది. దానికి నాకు కోపం లేదు. ఒకప్పుడు ఓనర్లే ఆ పట్టీ కోయించి 1964 అద్దం పెట్టించుకున్నారు. మళ్లీ పెట్టించాం అని ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. ఇంజిన్ మార్చడం కూడా తప్పు కాదు, అరవై ఏళ్ల కారు. మార్చి, నంబరు కొట్టి, అదే ఇంజిన్ అని అమ్మడం మోసం. ఎన్ని కోట్లు పోసి మెరిపించినా మోసమే.

నాకింత మండటానికి ఇంకో కారణం ఉంది. మా నాన్న ఫియట్‌ని మా బాబాయి "కొత్తదానిలా చేయిస్తా అన్నయ్యా" అని విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్లాడు. నెల తర్వాత మంచి రంగుతో వచ్చింది. స్టార్ట్ చేస్తే డీజిల్ మోత. పెట్రోల్ ఇంజిన్ తీసేసి డీజిల్‌ది బిగించారు, నాన్నని ఒక్క మాట అడగకుండా. నాన్న కాసేపు ఆ శబ్దం విని, తాళాలు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయారు. ఆ స్టీరింగ్ మళ్లీ పట్టుకోలేదు. మైలేజీ వస్తుంది కదా అని ఇప్పటికీ వాదిస్తాడు బాబాయి.

ఇందాకే ఆ కార్వెట్ ఆయన మెసేజ్ పెట్టాడు, ఐదు వేల డాలర్లు తగ్గిస్తాడట. అసలు ఇంజిన్ ఏమైందో చెప్పండి, ధర సంగతి తర్వాత అన్నాను. చూశాడు. జవాబు లేదు.