మారని నీతి ఎన్నిసార్లు మారింది?

దేవుణ్ణి నమ్మనివాడికి నీతి ఏముంటుందన్న మాట మళ్లీ వేదికలెక్కుతోంది. ప్రసంగాల వరకే అయితే పట్టించుకోనక్కర్లేదు. పిల్లలకు ఏం నేర్పాలి, చట్టం దేన్ని నిషేధించాలి అని తేల్చే చోట కూడా ఇదే వాదన తెస్తున్నారు. మనుషులు పెట్టుకున్న నీతి కాలాన్ని బట్టి మారుతుందట, దైవం ఇచ్చింది మారదట. ఇది అబద్ధం. చరిత్ర తెలిసీ చెబితే మోసం.

బానిసత్వం సంగతే చూడండి. పరాయి జాతుల నుంచి బానిసలను కొనుక్కోవచ్చని, పిల్లలకు ఆస్తిగా ఇచ్చిపోవచ్చని లేవీయకాండం 25వ అధ్యాయంలో ఉంది. 1452లో పోప్ ఐదో నికోలస్ అన్యమతస్థులను శాశ్వత బానిసలుగా చేసుకునే అధికారాన్ని పోర్చుగల్ రాజుకు రాసిచ్చారు. క్రైస్తవేతరుల నేలలను ‘కనుగొన్న’ క్రైస్తవ రాజులే సొంతం చేసుకోవచ్చన్న, ఆ కాలపు అలాంటి ఆజ్ఞలపై నిలబడిన సిద్ధాంతాన్ని వాటికన్ అధికారికంగా తోసిపుచ్చింది 2023లో! అమెరికాలో సదరన్ బాప్టిస్టులు అనే దక్షిణాది ప్రొటెస్టంట్ క్రైస్తవులు 1845లో వేరుకుంపటి పెట్టింది బానిసల యజమానులు మిషనరీలు కావచ్చని పట్టుబట్టి. క్షమాపణ చెప్పడానికి వారికి 1995 దాకా పట్టింది. బానిసను విడిపించడం పుణ్యమన్న ఖురాన్ బానిసత్వాన్ని మాత్రం నిషేధించలేదు. సౌదీ అరేబియా దాన్ని రద్దు చేసింది 1962లో. ఇక మనుస్మృతి, ఒకే నేరానికి వర్ణాన్ని బట్టి వేర్వేరు శిక్షలు రాసి పెట్టింది.

ఈ గ్రంథాల్లో ఒక్క అక్షరం మారలేదు. మారింది చదివే మనిషి. ఎదుటివాడి ఒంటి మీద పడే కొరడా దెబ్బ తప్పని అతనికి అనిపించింది, ఆ తర్వాతే వాక్యానికి కొత్త అర్థం దొరికింది. అంటే తీర్పు గ్రంథానికి బయటే జరిగిపోయింది. నమ్మనివాడు మొదటి నుంచీ చెబుతున్నది ఇదే కదా!

బానిసత్వంపై పోరాడిన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు, బ్రిటన్ ఎంపీ విల్బర్‌ఫోర్స్ భక్తులే కదా అంటారు. నిజమే, వారికి మా గౌరవం ఉంది. కానీ వారిని ఎదిరించినవారి చేతిలోనూ అదే బైబిల్ ఉంది. వితంతువుల పెళ్లి కోసం విద్యాసాగర్ పరాశర స్మృతిని చూపిస్తే, ఆయన ప్రత్యర్థులూ శాస్త్రాలే చూపించారు. 1856లో చట్టం వచ్చింది. రెండు పక్షాలకూ ఆధారం ఇవ్వగలిగిన గ్రంథం ఎవరిది న్యాయమో ఎలా తేలుస్తుంది?

మమ్మల్ని ఎక్కువ మండిస్తున్నది ఈ మార్పు కాదు. మార్పు మంచిదే. తమకు ఒక న్యాయం, పరులకు ఒక న్యాయం చెప్పడమే అసలు తప్పు. వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి శతాబ్దాల పాటు చెప్పింది. వడ్డీవ్యాపారులను క్రైస్తవ పద్ధతిలో పూడ్చిపెట్టకూడదని 1179లో చర్చి పెద్దల లాటరన్ మహాసభ తీర్మానించింది. ఈ రోజు బ్యాంకు వడ్డీని నిషేధించాలని అడిగే పాస్టర్ ఎక్కడైనా కనిపిస్తున్నాడా? స్వలింగ సంపర్కుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం దైవవాక్కును దిద్దడానికి మీరెవరని గర్జిస్తారు. తమ జేబుకు తగిలే వాక్యానికి వ్యాఖ్యానం, పరాయివాడి పడకగదికి తగిలే వాక్యానికి అక్షరార్థం. ఇది రెండు నాల్కల ధోరణి కాక మరేమిటి?

ఇలా చేసేవారే నమ్మనివాడి నిజాయితీని శంకిస్తారు. చార్లెస్ బ్రాడ్‌లా 1880లో బ్రిటన్ పార్లమెంటుకు గెలిచారు. నాస్తికుణ్ణి కాబట్టి దేవుడి పేరున కాకుండా ప్రమాణం చేస్తానన్నారు. నమ్మకం లేకపోయినా ఉన్నట్టు నటించి ఉంటే ఆ రోజే సభలో కూర్చునేవారు. నిజం చెప్పినందుకు 1886 దాకా సభలో స్థిరంగా కూర్చోనివ్వలేదు, మధ్యలో ఓటర్లు మళ్లీ మళ్లీ గెలిపించినా సరే. అమెరికా సుప్రీంకోర్టు 1961లోనే ఇలాంటి షరతు చెల్లదంది. అయినా పరమాత్మ ఉన్నాడని ఒప్పుకోనివారిని పదవులకు దూరం పెట్టే వాక్యం టెక్సాస్ రాజ్యాంగంలో ఇంకా ఉంది.

మతం పేరున చట్టం అడుగుతున్నవారు ముందు ఒక లెక్క చెప్పాలి. మీ గ్రంథంలో ఏయే ఆజ్ఞలను పక్కన పెట్టారు? ఏ అధికారంతో పెట్టారు? అదే అధికారం ఎదుటివాడికి ఎందుకు లేదు? వీటికి జవాబు ఇవ్వలేనివారు ఇతరుల నీతికి సర్టిఫికెట్లు ఇవ్వడం ఇకనైనా మానుకోవాలి.