ముందు మీ డిస్ట్రో గోత్రం చెప్పండి

విండోస్‌కి బదులు వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. అది వాడే పెద్దలు కొత్తవాళ్ళకి సాయం చెయ్యరని ఈ మధ్య ఒక అపవాదు బయల్దేరింది. పుట్టించింది కొత్తగా వచ్చినవాళ్ళే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. పాత ల్యాప్‌టాప్ పారెయ్యడానికి మనసొప్పక, కొత్తది కొనడానికి జేబొప్పక ఇటు మళ్ళినవాళ్ళు వీళ్ళు. పాపం, పద్ధతులు తెలియవు. వస్తూనే "సౌండు రావట్లేదండీ, ఏం చెయ్యాలి?" అని అడిగేస్తారు. అలా అడిగితే ఎవరు చెప్తారు?

ముందు ప్రవర చెప్పుకోవాలి. ఇక్కడ గోత్రమంటే డిస్ట్రో, అంటే లినక్స్‌లో మీరు వాడే రకం. రెండు చెవులూ పట్టుకుని, కాస్త వంగి, "డెబియన్, ఉబుంటు, మింట్ త్రయార్షేయ ప్రవరాన్వితుణ్ణి, సినమన్ సూత్రుణ్ణి, కెర్నెల్ 6.8 శాఖాధ్యాయిని, అహం భో అభివాదయే" అనాలి. సినమన్ అన్నది తెర మీద కనిపించే డెస్క్‌టాప్, కెర్నెల్ అన్నది లినక్స్ గుండెకాయ. ఇది ఎగతాళి కాదు. 1993లో డెబియన్ పుట్టింది, దాన్నుంచి 2004లో ఉబుంటు, ఉబుంటు నుంచి 2006లో మింట్. ముగ్గురు ఋషులూ లెక్కకి సరిపోయారు. ఆర్చ్ అనే డిస్ట్రో వాళ్ళది ఏకార్షేయం, అది దేన్నుంచీ పుట్టలేదు. వాళ్ళని ప్రవర అడగక్కర్లేదు, పెళ్ళి పందిట్లో పక్క కుర్చీలో కూర్చున్నా వాళ్ళే చెప్తారు.

ప్రవర విన్నాక పెద్దలు సమస్య మూలం పట్టేస్తారు. "మింట్ వాడుతున్నారా? అదీ సంగతి. ఫెడోరాకి వచ్చెయ్యండి." సౌండు రాకపోతే ఆపరేటింగ్ సిస్టమే మార్చుకోమనడం అన్యాయమని కొత్తాయన గొణుగుతాడు. ఈలోగా ఇంకో పెద్దాయన ఫెడోరాలో సిస్టమ్‌డీ (కంప్యూటర్ ఆన్ కాగానే మిగతా ప్రోగ్రామ్‌లని లేపే ప్రోగ్రామ్) ఉంటుంది కాబట్టి అది కూడా పనికిరాదంటాడు. సిస్టమ్‌డీ వచ్చింది 2010లో. దాని మీద గొడవ అప్పట్నుంచి ఒక్కరోజు కూడా సెలవు తీసుకోలేదు. ఎవరికి సౌండు వచ్చినా రాకపోయినా అది సాగాల్సిందే.

కొందరు ఉదారులు "ఇదివరకే చెప్పేశాం, వెతుక్కోండి" అంటారు. సలహా మంచిదే. వెతికితే దొరుకుతుంది కూడా, అదే సమస్య, అదే బాధ, కింద పచ్చ టిక్కు పెట్టిన జవాబు. తేదీ మాత్రం 2012. సౌండు నడిపే పల్స్‌ఆడియో అనే ప్రోగ్రామ్‌ని చంపి మళ్ళీ లేపమని అందులో ఉంటుంది. 2024లో వచ్చిన మింట్ 22లో పల్స్‌ఆడియోని పక్కనపెట్టి పైప్‌వైర్‌ని కూర్చోబెట్టారు. చంపమన్న ప్రోగ్రామ్ అసలు నడవడమే లేదు. కీబోర్డు సంగతీ ఇంతే. క్యాప్స్ లాక్‌ని కంట్రోల్‌గా మార్చుకోవాలంటే ఎక్స్‌మాడ్‌మ్యాప్ అనే కమాండ్ వాడమని పాత జవాబులన్నీ ఏకకంఠంతో చెప్తాయి. అది తెర మీద కిటికీలు చూపించే 1987 నాటి ఎక్స్11 కాలపు మంత్రం. ఉబుంటు 25.10లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌కి ఆ ఎక్స్11 సెషనే తీసేసి, దాని బదులు వచ్చిన వేలాండ్ ఒక్కటే ఉంచారు. వేలాండ్ డెస్క్‌టాప్ ఆ మంత్రాన్ని విని ఊరుకుంటుంది.

వైఫై రావట్లేదన్నవాడికి డ్రైవర్ డౌన్‌లోడ్ చేసుకోమనడం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఫోన్ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇవ్వడం) ఆన్ చేస్తే సరిపోతుందన్న మాట మాత్రం ఏ పెద్దాయనా చెప్పడు. అందులో కమాండ్ ఏదీ లేదు మరి.

కానీ గురువుల ప్రతిభ పూర్తిగా బయటపడేది గడియారం దగ్గర. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవాళ్ళకి ఇది తెలుసు. మదర్‌బోర్డు మీద చిన్న గడియారం ఒకటుంటుంది. విండోస్ అందులో మన ఊరి టైమ్ రాస్తుంది. లినక్స్ మాత్రం అందులో ఉన్నది యూటీసీ, అంటే మనకంటే అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రమాణ కాలం, అనుకుంటుంది, రాసేటప్పుడు కూడా యూటీసీయే రాస్తుంది. అందుకని లినక్స్ నుంచి విండోస్‌లోకి వెళ్తే గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది. సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకి శుభమా అని కొత్త పని మొదలుపెడదామని తెరిస్తే గడియారంలో ఏడున్నర. రాహుకాలం ప్రవేశించింది.

ఆ గడియారంలో మన ఊరి టైమే ఉంచమని లినక్స్‌కి చెప్పడానికి ఒక్క లైను చాలు: టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1. అడిగినవాడికి ఆ లైను చివర్న దొరుకుతుంది, అదీ అదృష్టముంటే. ముందు అది సిద్ధాంతరీత్యా ఎందుకు తప్పో వినాలి. నిజమే, ఆ కమాండ్ ఇచ్చాక కంప్యూటరే హెచ్చరిస్తుంది, ఈ పద్ధతితో చిక్కులున్నాయని. ఎండాకాలంలో గడియారం గంట ముందుకీ చలికాలంలో గంట వెనక్కీ జరిపే దేశాల్లో రెండు సిస్టమ్‌లూ పోటీపడి జరిపేస్తాయట. మన దేశంలో గడియారం జరిపే ఆచారమే లేదు. అయినా విజయవాడలో ఉన్నవాడు న్యూయార్క్ ఎండాకాలం గురించి పూర్తిగా తెలుసుకున్నాకే తన టైమ్ సరిచేసుకోవాలి. తర్వాత, మార్చాల్సింది లినక్స్‌ని కాదు, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని అని తీర్పు వస్తుంది. ఇందులో న్యాయముందని నేనూ ఒప్పుకుంటాను. కానీ రిజిస్ట్రీ అన్న మాట వింటే మనవాళ్ళకి సబ్-రిజిస్ట్రార్ ఆఫీసు గుర్తొచ్చి టెన్షన్ మొదలవుతుంది.

గురువులనే అంటే పాపం తగులుతుంది. అడిగేవాళ్ళేమైనా తక్కువ తిన్నారా? "నాట్ వర్కింగ్, అర్జెంట్" అన్నది ప్రశ్న. ఏది వర్కింగ్ కాదో రహస్యం. ఎర్రర్ మెసేజ్ పంపమంటే స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పంపుతారు. అందులో ట్యూబ్‌లైటు స్పష్టంగా పడుతుంది, వెనక గోడ మీద క్యాలెండర్ చదువుకోవచ్చు, ఎర్రర్ ఉన్న లైను మాత్రం సగంలో తెగిపోతుంది. ఏం జరిగిందో కంప్యూటర్ రాసుకునే లాగ్ పంపమంటే అలుగుతారు. ఎవరో పుణ్యాత్ముడు రాత్రి నిద్ర మానుకుని నాలుగు మార్గాలు చెప్తే, పొద్దున్నే "అయిపోయింది, థ్యాంక్స్ బ్రో" అని ఒక్క ముక్క రాసి మాయమైపోతారు. ఆ నాలుగింటిలో ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. అదే సమస్యతో ఆరు నెలల తర్వాత అక్కడికి చేరినవాడు ఆ "అయిపోయింది" అన్న మాటని ఎంత ఆబగా చదువుతాడో, కింద ఇంకేమీ లేకపోవడం చూసి ఎన్ని తిట్లు తిడతాడో పత్రికలో రాయలేం.

ఈ గురుకుల వ్యవస్థకి కొందరు కుర్రాళ్ళు అడ్డదారి కనిపెట్టారు. తీవ్రంగా ఖండిస్తూనే వివరిస్తాను. "లినక్స్‌లో తెలుగు టైప్ చెయ్యడం ఎలా?" అని వినయంగా అడిగితే వారమైనా ఉలుకూ పలుకూ ఉండదు. "లినక్స్‌లో తెలుగు టైపింగ్ కుదరనే కుదరదు, దండగమారి సిస్టమ్, విండోసే నయం" అని చూడండి. టీ చల్లారేలోపు పదిమంది దిగుతారు. సెట్టింగ్స్‌లో కీబోర్డు, అందులో ఇన్‌పుట్ సోర్సెస్, అందులో తెలుగు ఎంచుకో మూర్ఖుడా అని ఒకరు. ఐబస్-ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్, పోతన లేఅవుట్లన్నీ వస్తాయి, లాగౌట్ అయి మళ్ళీ రా అని ఇంకొకరు, కమాండ్‌తో సహా. ప్రవర ఎవరూ అడగరు. అయితే జాగ్రత్తగా ఉండాలి. ఇన్‌స్క్రిప్ట్ గొప్పదా, ఆపిల్ గొప్పదా అని వాళ్ళలో వాళ్ళకి మొదలయ్యేలోపు ఆ కమాండ్ కాపీ చేసుకుని బయటపడాలి.