ఫోకల్ కోతి, పులిహోర పొట్లం

అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. కోతుల ప్రవర్తన రాసుకోవడానికొచ్చిన ఎమ్మెస్సీ కుర్రాడి పరువు పోవడానికి వాటిలో ముప్ఫై చాలు.

పద్ధతి తేలికే. 1974లో జంతు ప్రవర్తన శాస్త్రవేత్త జీన్ ఆల్ట్‌మన్ వివరించిన ఫోకల్ శాంప్లింగ్: ఒక్క జంతువును పట్టుకుని, పెట్టుకున్న పది నిమిషాలూ దాన్నే చూస్తూ, అది ఏం చేస్తే అది రాయడం. ఏ కోతిని చూడాలో ముందే చీటీలేసుకోవాలి. లేకపోతే కళ్ళు ఎప్పుడూ కొట్లాడే కోతి మీదికే పోతాయి, డేటా చూస్తే గుంపంతా రౌడీలే అనిపిస్తుంది.

ఇక్కడి కోతి శాస్త్రీయ నామం మకాకా రేడియేటా. నడినెత్తిన పాపిట తీసి దువ్వినట్టు జుట్టు, ఒంటికన్నా పొడుగు తోక. ఏది ఏ కోతో గుర్తుపట్టాలంటే చెవి చిరుగు, తోక వంకర, ముఖం మీది మచ్చ చూసుకోవాలి. చీటీలో వచ్చింది 'మొండిచెవి'. పేరు పెట్టినప్పుడున్న హుషారు, ఒకే కొమ్మ మీద రెండు మొండిచెవులు కనబడ్డాక ఉండదు.

మొదటి మూడు నిమిషాలు పేలు చూడటం. నాలుగో నిమిషంలో కుర్రాడి సంచిలో ప్లాస్టిక్ కవరు గరగరమంది. లోపల పులిహోర. ఆ చప్పుడంటే తిండేనని ఈ దారి కోతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. మొండిచెవి లేచింది. 'నడక' అని రాశాడు. 'దగ్గరికి రావడం' అనీ రాశాడు. అప్పుడు దాని కళ్ళలోకి తేరిపార చూశాడు. కోతుల్లో అది బెదిరింపు. పైగా మంచి చేసుకుందామని పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. పళ్ళు బయటపెట్టేది భయపడి లొంగిన కోతి. ఒకే ముఖంతో సవాలు చేసి, ఓడిపోయి, రెండూ అయిపోయాయి.

పొట్లం పోయింది. చెమటకు ఇంకు అలుక్కుపోతుంది కాబట్టి పెన్సిలే వాడాలి, జారిపోకుండా దారంతో ప్యాడుకు కట్టుకోవాలి. కుర్రాడు రెండూ తు.చ. తప్పకుండా చేశాడు. అందుకే మొండిచెవి పెన్సిల్ లాగితే ప్యాడు కూడా రేకుల కప్పెక్కింది.

బొరుగులమ్మే అవ్వ తలెత్తి చూసింది. "ఏం నాయనా, అది నీ గురించి రాసుకుంటా ఉందా?"

పైన మొండిచెవి పులిహోరను ముందు దవడ సంచుల్లోకి కుక్కేసింది. పోటీకి ఇంకోటి వచ్చేలోగా దాచుకోవడానికే ఆ సంచులు. తర్వాత తీరిగ్గా, చేతి వెనకవైపుతో బుగ్గ నొక్కుకుంటూ, కొంచెం కొంచెం నోట్లోకి తెచ్చుకుని నమిలింది.

చూసేవాడి తిండి తిన్న కోతి డేటా లెక్కలోకి రాదు, ఆ పది నిమిషాలూ కొట్టేయాల్సిందే. కొట్టేయడానికైనా షీటు కావాలి. దాని మీద మొండిచెవి కూర్చునుంది.