వినిపించి, పంపించని రిసీవరు గారికి

మహారాజశ్రీ హోం థియేటర్ రిసీవరు గారి దివ్యసముఖమునకు, గుంటూరు బ్రాడీపేటలోని తమ యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే, నిన్న విజయవాడ సత్యనారాయణపురంలో మా అక్కయ్య ఇంట, పదిహేను మంది చుట్టాల నడుమ తమరు నాకు చేసిన సన్మానం గుర్తుకొచ్చి కలం ఆగిపోయింది.

మా మేనకోడలి కూచిపూడి నాట్యం టీవీలో వచ్చిన గంటసేపూ, సెట్‌టాప్ బాక్సుకూ డీవీడీ రికార్డరుకూ మధ్య, వచ్చిన శబ్దాన్ని స్పీకర్లకు పంచే పెద్దమనిషిగా తమరినే కూర్చోబెట్టాను. హెచ్‌డీఎంఐ తీగలో వచ్చిన బొమ్మను తమరు రికార్డరు ముఖం చూడనివ్వరని ముందే తెలుసు. 2002 డిసెంబరులో లోకానికి వచ్చిన ఆ తీగలో బొమ్మ, కాపీ చేయనివ్వని హెచ్‌డీసీపీ తాళంతో ప్రయాణిస్తుందని ఒప్పుకుని, నాణ్యత పోయినా పోనిమ్మని బొమ్మకు పాత అనలాగ్ పసుపు తీగ వేశాను. శబ్దానికి మాత్రం, అరండల్‌పేట దుకాణంలోని కుర్రాడు "దీన్ని మించింది లేదు సార్" అన్న ఆప్టికల్ తీగనే ఉంచాను. తోషిబా వారు 1983లో తెచ్చిన తీగ, శబ్దాన్ని వెలుగుగా మార్చి మోసుకొచ్చే తీగ. దాన్ని శంకించడానికి నేనెవరిని?

ఆ గంటసేపు తమరు పలికిన తీరు మాత్రం మరువలేనిది. మృదంగం దెబ్బకు కిటికీ అద్దాలు అదిరాయి. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు నేల మీద జరిగినప్పటి గరగర కూడా కుడివైపు స్పీకరులో విడిగా వినిపించింది. రికార్డరు ముందు ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఇంకేం కావాలని, వేరే ప్లేయర్లలోనూ ఆడేలా డిస్కును ఫైనలైజ్ కూడా చేసేసి, చేతి సంచీలో పెట్టుకుని బస్సెక్కాను.

అక్కయ్య ఇంట్లో అందరూ చాపల మీద సర్దుకుని కూర్చున్నాక డిస్కు తిరిగింది. పిల్ల వచ్చి నమస్కరించింది, పళ్ళెం ఎక్కింది. నట్టువనారు నోరు తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు. పెద్దబావగారు రిమోటు తీసుకుని శబ్దం పెంచారు, ఇంకా పెంచారు, గిర్రుమనే ఫ్యాను చప్పుడు తప్ప గదిలో మరేమీ లేదు. "ఒరే తమ్ముడూ, పాట ఏదిరా?" అని అక్కయ్య నెమ్మదిగా అడిగింది. ఆ నెమ్మదే నన్ను చంపేసింది.

రాత్రి ఇంటికి చేరి తమ మాన్యువల్ తీశాను. ఒక పేజీ అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో ఉంది: డిజిటల్ ద్వారాల నుంచి లోపలికి వచ్చిన శబ్దం, రికార్డరుకు శబ్దం పంపే రెక్ అవుట్ ద్వారం నుంచి బయటకు రాదట. అయ్యా, ఆప్టికల్‌లో వచ్చిన అంకెలను అనలాగ్ శబ్దంగా మార్చకుండా తమ స్పీకర్లు ఎలా పలికాయి? మార్చే చిప్పు తమ పొట్టలోనే ఉంది కదా! మార్చిన దానిని స్పీకర్లకు పంపి, వెనుకనున్న ఆ రెండు రంధ్రాలకు పంపడానికి చేతులు రాలేదా? పంపకపోతే పోనీ, నా చెవుల్లో అంత పోటుగా ఎందుకు పోశావు? నీ నోరు కూడా మూసుకుని ఉంటే నేను అనుమానించేవాణ్ణి కదా! వింటున్నదంతా రికార్డవుతున్నదని నన్ను నమ్మించినది నువ్వు. రికార్డు కాదని తెలిసినది నువ్వు. పైగా ఆ ద్వారానికి రికార్డింగు పేరు పెట్టుకున్నది కూడా నువ్వే.

నీకంటే మా నాన్నగారి పాత యాంప్లిఫయరు నయం. దానికి టేప్ మానిటర్ అనే చిన్న మీట ఉండేది. మూడు హెడ్ల డెక్కు తగిలిస్తే, ఎక్కిస్తున్న పాటను అప్పుడే టేపు మీద నుంచి తిరిగి వినిపించేది. పడిందో లేదో అక్కడికక్కడే తేలిపోయేది. నీకు యాభై మీటల రిమోటు, అన్నం వండుకోగలిగినంత వేడి, పెట్టె మీద అచ్చువేసిన వాట్ల గొప్పలూ ఉన్నాయి గానీ, ఆ ఒక్క మీట లేదు. వీపు తిప్పి చూద్దామంటే, పది కిలోలు ఎత్తాలి.

అయితే న్యాయం తప్పకూడదు కాబట్టి జరిగిన మిగతాది కూడా రాస్తున్నాను. చుట్టాలు లేవబోతుంటే, మేనకోడలు "ఉండండి మావయ్యా" అని టీవీ పక్కన చతికిలబడి, తెర మీది తన కాళ్ళను చూస్తూ తొడ మీద తాళం వేసి, జతులన్నీ తనే చెప్పుకుపోయింది. ఒక్కచోట తడబడి నవ్వింది. తెర మీది పిల్ల ఆగలేదు. నీ ఐదు స్పీకర్లూ అంత బాగా పలకలేదు.

వచ్చే గురువారం పునఃప్రసారం ఉందట. వంద రూపాయలు కూడా చేయని ఎరుపు తెలుపు తీగలు తెచ్చి, సెట్‌టాప్ బాక్సు నుంచి తమ అనలాగ్ ద్వారానికే తగిలించాను. ఈసారి తమ స్పీకర్లు ఎంత మధురంగా పలికినా వినను. రికార్డరుకు కలిపిన చిన్న టీవీకే చెవి ఆనించి కూర్చుంటాను.

ఇట్లు,
తమ వెనుక టార్చిలైటు నోట కరచుకుని మోకాళ్ళ మీద ఉన్న
బ్రాడీపేట వాసి