మూడు శ్రుతి గిటారు, నాలుగు శ్రుతి మామ్మగారు

గిటారు మీద ‘ఎఫ్’ అనే కార్డుతో, అంటే కొన్ని స్వరాల్ని ఒకేసారి మోగించే వేళ్ల పట్టుతో, నాకు ఆరేళ్లుగా పడదు. చూపుడువేలు అడ్డకర్రలా ఆరు తీగల మీదా వేసి నొక్కాలట. నేను నొక్కితే నాలుగు తీగలు మౌనవ్రతం పడతాయి, మిగతా రెండూ పాత తలుపులా కిర్రుమంటాయి.

అందుకని అడ్డదారి పట్టాను. మామూలు ‘ఈ’ మేజర్ కార్డుకి మూడు వేళ్లు చాలు. ఆ మూడింటినీ పట్టు చెదరకుండా గిటారు మెడ మీద ఐదు మెట్లు పైకి జరిపి, మిగతా తీగల్ని ముట్టుకోకుండా వదిలేస్తే ‘ఏ’ మేజర్ వస్తుంది. అదీ ఉత్త ‘ఏ’ కాదు, వదిలేసిన ‘బీ’ తీగ కూడా కలిసి, వాన వెలిశాక చూరు నీళ్లలా జలజలా రాలే ‘ఏ’. ఇంకో రెండు మెట్లు జరిపితే ‘బీ’. వేళ్లు ఎక్కడ తిరిగినా ఆ వదిలేసిన తీగలు మాత్రం తంబురాలో సా, పా మోగినట్టు ఒకటే మోత. మా ఆవిడ కూడా మొదటిసారి “బావుందే!” అంది. ఇక నన్ను పట్టేదెవరు?

వినాయక చవితి నాడు మా అపార్టుమెంటు పందిట్లో మూడో అంతస్తు మామ్మగారు పట్టుకున్నారు.

“ఏం నాయనా, ఏదో వాయిస్తావటగా? నా పాటకి కాస్త తోడు వాయించు. మోహన రాగమే, కష్టమేం కాదు.”

“మీ శ్రుతెంత మామ్మగారూ?”

“నాలుగు.”

శ్రుతంటే పాటకి ‘సా’ నిలబెట్టే మెట్టు. నా ‘ఈ’ మూడు శ్రుతి. హార్మోనియం మీద మూడూ నాలుగూ పక్కపక్క తెల్లమెట్లు, మధ్యలో నల్లమెట్టైనా లేదు. ఇలాంటప్పటికే కాపో ఉంది. గిటారు మెడకి మొదటి మెట్టు దగ్గర బిగిస్తే తీగలన్నీ కట్టగట్టుకుని ఒక మెట్టు పైకి లేస్తాయి. సంచీలో వెతికాను. లేదు. మా ఆవిడకి సైగ చేశాను.

“ఆ నల్ల క్లిప్పా? కారప్పూస ప్యాకెట్‌కి పెట్టానండీ, మెత్తబడిపోతోందని.”

ఈలోగా మామ్మగారు అందుకున్నారు. ఒక్క మెట్టే కదా అని వేళ్లు జరిపాను. వేళ్లు జరిగాయి, వదిలేసిన తీగలు జరగవు కదా! మోహనంలో మధ్యమం ఉండదు, నిషాదం ఉండదు. నాలుగు శ్రుతికి నా ‘బీ’ తీగ సరిగ్గా ప్రతి మధ్యమం, ‘ఈ’ తీగ కాకలి నిషాదం. రాగంలో లేని, చేరితే మోహనాన్ని కాస్తా కల్యాణి రాగం చేసేసే ఆ రెండు స్వరాలే, పిలవని పేరంటానికొచ్చి ముందు వరసలో కూర్చున్నట్టు, చరణం దాటినా ఖంగుమంటూనే ఉన్నాయి. తొడ మీద మామ్మగారి తాళం మెల్లగా దెబ్బల్లోకి మారింది. పంతులుగారు హారతి పళ్లెం పట్టుకుని, తిప్పాలో వద్దో తేలక నా వంకే చూస్తున్నారు.

పాటయ్యాక ప్రసాదం పెడుతూ అడిగారావిడ. “నేను మోహనం పాడుతుంటే నువ్వు కల్యాణి వాయించావేం నాయనా?”

“మోహన కల్యాణి అని ఓ రాగం ఉంది కదా మామ్మగారూ!”

“ఉంది. అది ఒక్కరే పాడతారు.”

అందరి ఆకుల్లోనూ మూడేసి ఉండ్రాళ్లు. నా ఆకులో ఒకటి.