చపాతీ పీట మీద వాల్వు టెస్టర్

(కడప. మే నెల మధ్యాహ్నం. ఫ్యాను వేడిగాలిని ఈ మూల నుంచి ఆ మూలకు తోస్తోంది, అంతకు మించి దాని చేత కాదు. బల్ల మీద వెనక అట్ట ఊడదీసిన పాత రేడియో. సుబ్బరాయుడు సోల్డరింగులో మునిగి ఉన్నాడు.)

ఓబులమ్మ: ఏమండీ, చపాతీ పీట కనిపించడం లేదు.

సుబ్బరాయుడు: ఇదిగో, ఇక్కడే భద్రంగా ఉంది.

ఓబులమ్మ: నడిమధ్య ఆ రంధ్రం ఏమిటి?

సుబ్బరాయుడు: రేడియోలోని వాల్వు, అదే ఆ 9 కాళ్ల గాజు గొట్టం, దాన్ని గుచ్చే సాకెట్టుకు. చెక్కలో కరెంటు పారదు. నీ స్టీలు పళ్లెం తీసుకుని ఉంటే తీగలు తగిలి షార్టు అయ్యేది.

ఓబులమ్మ: పళ్లేలు మిగిలాయి, దేవుని కడపకు వెళ్లి టెంకాయ కొట్టి వస్తాను. ఇంతకీ ఇది దేనికి?

సుబ్బరాయుడు: ఈ వాల్వు, పేరు ఈఎల్ 84, బతికి ఉందో లేదో తేల్చడానికి! ఇది 6-0-6 ట్రాన్స్‌ఫార్మర్, అంటే నడిమి తీగకు అటు 6, ఇటు 6 వోల్టులు. ఒక సగం వాల్వును వేడెక్కించే ఫిలమెంటుకు. ఎలక్ట్రాన్లను అందుకునే ప్లేటునూ, దారిలో వాటిని అదుపు చేసే రెండు గ్రిడ్లనూ కలిపేస్తే వాల్వు కరెంటును ఒకవైపే పారనిచ్చే ఉత్త డయోడు అయిపోతుంది. రెండు చివరల మధ్య ఉన్న 12 వోల్టులను వెయ్యి ఓముల రెసిస్టరు గుండా దానికిచ్చి, ఎలక్ట్రాన్లను వదిలే కాథోడు వైపు మిల్లీ అమ్మీటరు పెడతాను. ముల్లు లేచిందంటే ఎలక్ట్రాన్లు పారుతున్నట్టే.

ఓబులమ్మ: ఎర్రగా వెలిగితే చాలదా?

సుబ్బరాయుడు: వెలగడం వేరు, పనిచేయడం వేరు.

ఓబులమ్మ: మీరు రిటైరైన నాటి నుంచి చూస్తూనే ఉన్నాను.

(స్విచ్చు వేశాడు. వాల్వు వెలగలేదు. ముల్లు లేవలేదు.)

సుబ్బరాయుడు: పోయింది, పాపం.

ఓబులమ్మ: అప్పుడే ఏడవకండి. వాల్వుకు ఫిలమెంటు ఉండే 4, 5 కాళ్ల మధ్య మల్టీమీటరు పెట్టి చూశారా?

సుబ్బరాయుడు: (పెట్టి) అరె, కొద్ది ఓములే! ఫిలమెంటు తెగలేదు.

ఓబులమ్మ: కాళ్లను కింది నుంచి చూస్తూ, కాళ్ల మధ్య ఎడం ఎక్కువ ఉన్న చోట మొదలుపెట్టి, గడియారం తిరిగే వైపు లెక్కపెట్టాలి. మీరు పీటను పైనుంచి చూశారు. 4 అనుకున్నది 6 అయింది. ఈ వాల్వులో ఆరో కాలు ఫిలమెంటుది కాదు.

సుబ్బరాయుడు: ఇవన్నీ నీకెవరు చెప్పారు?

ఓబులమ్మ: వాల్వు కాళ్ల వివరాలున్న మీ కాగితమే. మీరు బొమ్మ చూశారు, నేను కింద ఉన్నది చదివాను.

(తీగలన్నీ ఊడదీసి మళ్లీ అతికించాడు. మాట్లాడలేదు. ఈసారి వాల్వు వెలిగింది, ముల్లు మెల్లగా లేచి 3 దగ్గర నిలిచింది.)

సుబ్బరాయుడు: చూశావా! 3 మిల్లీ ఆంపియర్లు!

ఓబులమ్మ: 3 అంటే మంచిదా, చెడ్డదా?

సుబ్బరాయుడు: (దగ్గి) అది... మంచిదని తెలిసిన ఇంకో ఈఎల్ 84 తెచ్చి పోల్చాలి.

ఓబులమ్మ: తెచ్చాక దాన్నే రేడియోలో పెట్టుకోవచ్చు కదా?

సుబ్బరాయుడు: అలాగైతే ఇక టెస్టర్ దేనికి?

ఓబులమ్మ: ఆ ప్రశ్న డ్రిల్లు చేతికి తీసుకునే ముందు వేసుకోవలసింది.