మాటలు రాసినవాడి పేరు అడగకండి

ఈమధ్య జనానికి ఒక చెడ్డ అలవాటు పట్టుకుంది. పాట నచ్చితే చాలు, ‘ఎవరు రాశారు?’ అని అడుగుతున్నారు. ఎవరు పాడారు అని అడిగితే అర్థం ఉంది. ట్యూన్ ఎవరిది అంటే సంస్కారం అనుకోవచ్చు. రాసిందెవరు అని అడగడం మాత్రం నేరుగా శాంతిభద్రతల సమస్య. దీన్ని మొదట్లోనే అదుపు చేయకపోతే ఎంత దూరం పోతుందో తెలియాలంటే అమెరికన్ మ్యూజికల్ థియేటర్ చరిత్ర తిరగేయాలి.

1927 చివర్లో న్యూయార్క్‌లో ‘షో బోట్’ అనే మ్యూజికల్, అంటే పాటలూ డాన్సులూ కలిపిన నాటకం, వచ్చింది. అప్పటిదాకా న్యూయార్క్ నాటకశాలల పేట బ్రాడ్‌వేలో చాలామందికి కథ అంటే ఒక డాన్సుకీ ఇంకో డాన్సుకీ మధ్య అమ్మాయిలు బట్టలు మార్చుకోవడానికి దొరికే టైము. షో బోట్ అలా కాదు. మిసిసిపీ నది మీద ఊరూరా తిరిగే నాటకాల పడవని పట్టుకుని జాతి వివక్ష గురించీ, విరిగిపోయిన కాపురాల గురించీ మాట్లాడింది. సంగీతం జెరోమ్ కెర్న్, మాటలూ పాటలూ ఆస్కర్ హామర్‌స్టయిన్. అందులో రేవులో మూటలు మోసే నల్లజాతి కూలీ ‘ఓల్ మాన్ రివర్’ అని నది మీద ఒక పాట పాడతాడు. ఒక పార్టీలో ఎవరో ‘ఆహా, కెర్న్ ఎంత గొప్ప పాట రాశాడండీ’ అన్నారట. పక్కనే ఉన్న హామర్‌స్టయిన్ భార్య ఊరుకోకుండా, ‘కెర్న్ రాసింది డుమ్ డుమ్ డుండుమ్ వరకేనండీ, ఓల్ మాన్ రివర్ రాసింది మా ఆయన’ అందని బ్రాడ్‌వేలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఎంత అమర్యాద! పిలిచి కేకు పెట్టిన ఇంట్లో అలాంటి మాటలా? రచయితల భార్యలకి పార్టీకి వెళ్లేముందు ఒక చిన్న శిక్షణ తరగతి పెట్టాలని నేను ఎప్పట్నుంచో చెబుతున్నాను.

అయినా హామర్‌స్టయిన్‌కి లోటేం జరిగింది? ఆ పాటని నల్లజాతివాళ్ల పాత జానపద గీతం అనుకునేవాళ్లు కోకొల్లలు. 1959 నాటి ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ కోసం ఆయన రాసిన ఆఖరి పాట ‘ఎడెల్‌వైస్’. దాన్నయితే ఆస్ట్రియా జానపదం అనుకునేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. ఆయన మరుసటి ఏడాదే పోయాడు. ఒక రచయితకి ఇంతకంటే సన్మానం ఏం కావాలి? శాలువా ఖర్చు లేదు, పూలదండ అక్కర్లేదు, మైకు ఇస్తే వదలడేమోనన్న భయం అసలే లేదు.

ఈ క్రమశిక్షణని చెడగొట్టినవాడు కూడా ఆయనే కావడం విచారకరం. ఇంగ్లీషు హాస్య రచయిత వుడ్‌హౌస్ అనగానే మన పాఠకులకి ఆయన నవలల్లోని నౌకరు జీవ్స్ గుర్తొస్తాడు, బ్లాండింగ్స్ కోటలోని ప్రభువుగారి పంది గుర్తొస్తుంది. అదే వుడ్‌హౌస్ 1910లలో న్యూయార్క్‌లో కెర్న్ బాణీలకి పాటలు రాశాడు. 299 సీట్ల ప్రిన్సెస్ థియేటర్‌లో వాళ్లు వేసిన చిన్న చిన్న మ్యూజికల్స్ తర్వాతి తరం రచయితలకి పాఠశాల లాంటివి. 1918లో అలాంటి ఒక నాటకం కోసం రాసిన ‘బిల్’ అనే పాటని నాటకంలోంచి పీకేశారు. ఆ పాట తొమ్మిదేళ్లు మూలన పడి ఉండి, కొద్దిగా సవరించుకుని, షో బోట్ ఎక్కింది. మెచ్చుకున్నవాళ్లు హామర్‌స్టయిన్‌ని మెచ్చుకున్నారు. నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. 1946లో ఆ నాటకాన్ని మళ్ళీ వేసినప్పుడు, ఆ పాట నాది కాదు వుడ్‌హౌస్‌ది అని ప్రోగ్రాం పుస్తకంలో వివరణ వేయించాడు! అందరూ ఇలా నిజాలు చెప్పుకుంటూ పోతే పరిశ్రమ నడుస్తుందా?

ఇక ఉత్పాదకత సంగతి చూద్దాం. రిచర్డ్ రోజర్స్ అనే సంగీతకర్త దాదాపు పాతికేళ్లు లోరెంజ్ హార్ట్‌తో పనిచేశాడు. అక్కడ ముందు ట్యూన్, తర్వాత మాటలు. మన సినిమావాళ్లకి చెప్పక్కర్లేని పద్ధతి. చిక్కల్లా హార్ట్‌ని వెతికి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టడమే. తాగుడు అతన్ని 48 ఏళ్లకే తీసుకుపోయింది. దాని మీద హాస్యం ఆడను.

అతను పోయిన 1943లోనే రోజర్స్, హామర్‌స్టయిన్‌తో కలిసి ‘ఓక్లహోమా!’ చేశాడు. ఇక్కడ పద్ధతి తిరగబడింది. ముందు మాటలు, తర్వాత ట్యూన్. మొదటి పాట ‘ఎంత చక్కని ఉదయం’ అనే ధోరణిలో సాగుతుంది. దాని కోసం హామర్‌స్టయిన్ పెన్సిల్వేనియాలో తన పొలంలో కూర్చుని మూడు వారాలు తంటాలు పడ్డాడు. మొక్కజొన్న గుర్రం కన్నంత ఎత్తు పెరిగిందని ముందు రాసుకున్నాడు. అనుమానం వచ్చి పక్క చేలోకి నడిచివెళ్లి చూశాడు. పంట గుర్రాన్ని దాటిపోయి ఉంది. తిరిగొచ్చి గుర్రాన్ని కొట్టేసి ఏనుగు అని రాశాడు. కాగితం రోజర్స్ చేతికి వచ్చింది. పది నిమిషాల్లో ట్యూన్ అయిపోయింది.

ఏ కంపెనీ హెచ్ఆర్ మేనేజర్‌కైనా ఈ లెక్క చూపించండి. పది నిమిషాల్లో పని తెమిల్చినవాడికి ప్రమోషన్ ఇస్తాడు. పని వేళల్లో మొక్కజొన్న చేలో తిరుగుతూ జంతువుల ఎత్తు కొలిచినవాడికి మెమో ఇస్తాడు. బ్రాడ్‌వేలో మాత్రం ఇద్దరి పేర్లూ పక్కపక్కనే అచ్చేశారు. నాటకం 2,212 ప్రదర్శనలు ఆడింది కాబట్టి ఎవరూ నిలదీయలేదు.

హామర్‌స్టయిన్ శిష్యుడు స్టీఫెన్ సాండ్‌హైమ్‌ది మరీ అన్యాయం. 1957లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’కి సంగీతం లియొనార్డ్ బెర్న్‌స్టయిన్. పాటల రచనలో ఇద్దరి పేర్లూ వేయాలని మొదటి ఒప్పందం. తీరా చూస్తే మాటలు చాలావరకు కుర్రాడివే. బెర్న్‌స్టయిన్ పెద్దమనసుతో తన పేరు తీసేస్తానన్నాడు, రాయల్టీ కూడా సరిచేద్దామన్నాడు. అప్పటికి వాటాలు బెర్న్‌స్టయిన్‌కి 3 శాతం, కుర్రాడికి 1 శాతం. దానికి సాండ్‌హైమ్, డబ్బుదేముందండీ, పేరుంటే చాలు అనేశాడు. ఆ పక్కన ఎవరైనా ఉండి నా నోట్లో గుడ్డలు కుక్కి ఉంటే బాగుండేదని తర్వాత ఏళ్ల తరబడి నవ్వుతూ చెప్పుకున్నాడు. చూశారా, పేరు మీద మోజు ఎంత ఖరీదైన జబ్బో! బ్యాంకులో వేసుకోవడానికి పేరు పనికిరాదు.

ఇంతవరకూ మాటలవాడు ఓడిన కథలు, కాబట్టి హాయిగా చెప్పుకొచ్చాను. ఒక్కసారి చరిత్ర పట్టాలు తప్పింది. 1931లో ‘ఆఫ్ దీ ఐ సింగ్’ అనే రాజకీయ వ్యంగ్య మ్యూజికల్ వచ్చింది. సంగీతం జార్జ్ గెర్ష్విన్, పాటలు వాళ్లన్న ఐరా. మరుసటి ఏడాది దానికి నాటక రచనలో అమెరికా పెద్ద సాహిత్య పురస్కారం పులిట్జర్ బహుమతి ఇచ్చారు. మ్యూజికల్‌కి ఆ బహుమతి రావడం అదే మొదలు. తీరా జాబితా చూస్తే సంభాషణలు రాసిన కౌఫ్‌మన్, రిస్కిండ్, పాటలు రాసిన ఐరా ఉన్నారు. జార్జ్ లేడు! ఇది సాహిత్య బహుమతి, సంగీతం మా పరిధిలోకి రాదు అన్నారు కమిటీవాళ్లు. సంగీత నాటకంలో సంగీతాన్ని పక్కనపెట్టి తూకం వేసిన ఆ మేధావులకి నా నమస్కారం. తమ్ముడికి జరిగిన అవమానానికి నిరసనగా ఐరా తన ప్రశంసాపత్రాన్ని బాత్రూంలో తగిలించుకున్నాడంటారు. జార్జ్ 1937లో పోయాడు. పులిట్జర్‌వాళ్లు ఆయన శతజయంతి సందర్భంగా 1998లో ఒక ప్రత్యేక గౌరవం ప్రకటించారు. 66 ఏళ్లలో ఫైలు కదిలింది, ప్రభుత్వ ఆఫీసులు గమనించగలరు.

క్రమశిక్షణ అంటే ఏమిటో మనవాళ్లే చూపించారు. 2023లో ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చినప్పుడు వేదిక మీద సంగీతం చేసిన కీరవాణి మాట్లాడారు, పాట రాసిన చంద్రబోస్ ‘నమస్తే’ అన్నారు. టైము అయిపోయింది. మాటలతో బతికే మనిషికి ఒక్క మాట సరిపోయింది.

శాశ్వత పరిష్కారం ఏమిటని మీరు అడగొచ్చు. రెండు పనులూ ఒకడికే అప్పజెబితే గొడవ ఉండదని కొందరి వాదన. కోల్ పోర్టర్ అలా రాశాడు, మన కాలంలో ‘హామిల్టన్’ మ్యూజికల్ చేసిన లిన్-మాన్యుయెల్ మిరాండా అలాగే రాసి, పైగా హీరో వేషం కూడా తనే కట్టాడు. అందరికంటే ముందు ఇర్వింగ్ బెర్లిన్ ఉన్నాడు. రష్యా సామ్రాజ్యం నుంచి చిన్నప్పుడే వలస వచ్చి, 101 ఏళ్లు బతికి, మాటలూ బాణీలూ తనే కట్టినవాడు. ఆయనకి నొటేషన్ రాయడం రాదు. పియానో మీద ఎక్కువగా నల్లమెట్లే వాయించేవాడు. శ్రుతి మార్చాలంటే కింద ఒక లీవరు లాగే ప్రత్యేకమైన పియానో చేయించుకున్నాడు. ట్యూన్‌ని కాగితం మీద పెట్టడానికి మాత్రం ఒక సహాయకుడు పక్కన ఉండాలి. అంటే ఇద్దరి గొడవ తీర్చడానికి ఒకణ్ణి పెడితే, మళ్ళీ ఇద్దరయ్యారు. ఆ రెండోవాడి పేరు ఎవరూ అడగలేదు కాబట్టి ఈ పద్ధతికి నా మద్దతు ఉంది.

బ్రాడ్‌వే నాటకాలకి బహుమతులిచ్చే టోనీ అవార్డులవాళ్లు మాత్రం ఇంకో దారి పట్టారు. 1971లో పాటల బహుమతిని రెండుగా చీల్చి సంగీతానికి ఒకటి, రచనకి ఒకటి అన్నారు. ఎవరి వాటా వాళ్లకి తేల్చేద్దామని కాబోలు. రెండూ ‘కంపెనీ’ నాటకానికే వచ్చాయి. రెండూ ఒక్కడే రాశాడు, సాండ్‌హైమ్. మరుసటి ఏడాది మళ్ళీ రెండింటినీ కలిపేశారు.